ఎస్‌డబ్ల్యూఆర్: మీటరు చెప్పేదెంత, మనం అనుకునేదెంత?

హ్యామ్ రేడియో లైసెన్సు చేతికొచ్చి, డాబా మీద తొలి యాంటెన్నా కట్టుకున్నవారిని సీనియర్లు ముందుగా అడిగేది ఒకటే: "ఎస్‌డబ్ల్యూఆర్ ఎంత వచ్చింది?" 1.1 అంటే శభాష్ అంటారు. 2 అంటే పెదవి విరుస్తారు. ఈ రోజుల్లో హెచ్‌ఎఫ్ ట్రాన్సీవర్లలో చాలావాటికి ఆ మీటరు లోపలే ఉంటుంది కాబట్టి అంకె చూడటం తేలిక. చిక్కంతా దాన్ని అర్థం చేసుకోవడంలోనే ఉంది.

సెట్టు నుంచి కేబుల్ గుండా వెళ్లిన పవర్‌లో కొంత యాంటెన్నా తీసుకోక వెనక్కి తిరుగుతుంది. వెళ్లే అల, తిరిగొచ్చే అల కలవడంతో కేబుల్ పొడవునా వోల్టేజీ ఒకచోట ఎక్కువగా, ఒకచోట తక్కువగా నిలుస్తుంది. ఆ గరిష్ఠానికీ కనిష్ఠానికీ ఉన్న నిష్పత్తే స్టాండింగ్ వేవ్ రేషియో, అంటే ఎస్‌డబ్ల్యూఆర్. 50 ఓమ్‌ల కేబుల్ చివర సరిగ్గా 50 ఓమ్‌ల లోడ్ ఉంటే ఏదీ వెనక్కి రాదు, అప్పుడది 1:1. అంటే కేబుల్‌కూ లోడ్‌కూ పొత్తు కుదిరిందా లేదా అన్నదే ఈ అంకె చెబుతుంది. ఆ లోడ్ మంచి యాంటెన్నానా కాదా అన్నది దానికి తెలియదు. కింది అపోహల్లో చాలావరకు ఈ తేడా మరిచిపోవడం వల్ల పుట్టినవే.

అపోహ 1: ఎస్‌డబ్ల్యూఆర్ తక్కువగా ఉంటే యాంటెన్నా బ్రహ్మాండంగా పనిచేస్తున్నట్టే.

వాస్తవం: అలాగైతే లోకంలోకెల్లా గొప్ప యాంటెన్నా డమ్మీ లోడే. అది డబ్బాలో పెట్టిన 50 ఓమ్‌ల రెసిస్టర్. ఎస్‌డబ్ల్యూఆర్ 1:1 చూపిస్తుంది, సిగ్నల్ మాత్రం వీధి చివరికి కూడా పోదు. పవరంతా వేడిగా మారిపోతుంది. జ్వరం లేనంత మాత్రాన ఒంట్లో రోగం లేదనుకోలేం కదా, ఇదీ అంతే.

నేల మీద నిలబెట్టిన పావు తరంగం వర్టికల్ యాంటెన్నా సంగతి చూడండి. దాని రేడియేషన్ రెసిస్టెన్స్ సుమారు 36 ఓమ్‌లు. కింద రేడియల్ తీగలు సరిపడా లేక నేల నష్టం 14 ఓమ్‌లు ఉందనుకుందాం. రెండూ కలిస్తే 50. మీటరు 1:1 చూపిస్తుంది, మనసు నిండిపోతుంది. కానీ పంపిన పవర్‌లో 28 శాతం మట్టిని వేడి చేయడానికే పోతోంది. ఇప్పుడు మరిన్ని రేడియల్స్ పరిచి నేల నష్టాన్ని 2 ఓమ్‌లకు దించితే మొత్తం 38 ఓమ్‌లు అవుతుంది. ఎస్‌డబ్ల్యూఆర్ 1.3కు పెరుగుతుంది, సిగ్నల్ కూడా పెరుగుతుంది! అంకె చెడి యాంటెన్నా బాగుపడిన సందర్భమిది. కారు మీద పెట్టే, 40 మీటర్ల బ్యాండ్‌కు వాడే పొట్టి విప్ యాంటెన్నాలు ఏ మ్యాచింగూ లేకుండానే 50 ఓమ్‌లకు దగ్గరగా వస్తే మురిసిపోకుండా, కాయిల్లో, నేలలో నష్టం ఎంతో అనుమానించడం మంచిది.

అపోహ 2: 1:1 వచ్చేదాకా వదలకూడదు, 1.5 ఉన్నా సిగ్నల్ దెబ్బతింటుంది.

వాస్తవం: లెక్క వేస్తే భయం తీరుతుంది. ఎస్‌డబ్ల్యూఆర్ 1.5 ఉంటే వెనక్కి తిరిగేది 4 శాతం. 2 ఉంటే 11 శాతం. 3 ఉంటే 25 శాతం. ఆ తిరిగొచ్చిన పాతిక శాతం పూర్తిగా పోయిందనుకున్నా సిగ్నల్ తగ్గేది 1.25 డెసిబెల్స్. అవతలివారి ఎస్-మీటరులో ఒక గీతకు 6 డెసిబెల్స్ అన్నది ప్రమాణం. అంటే వారికి గీతలో పావు వంతు తేడా కూడా రాదు. 1.5ను 1.1 చేయడానికి ఎండలో డాబా ఎక్కి దిగే శ్రమను యాంటెన్నాను ఇంకో రెండు మీటర్లు పైకి లేపడానికి వాడితే ఫలితం ఎక్కువ.

అపోహ 3: తిరిగొచ్చిన పవరంతా వృథా. పైగా అది సెట్టులోకి దూరి ఫైనల్స్‌ను (చివరి దశ పవర్ ట్రాన్సిస్టర్లను) కాల్చేస్తుంది.

వాస్తవం: ఈ నమ్మకం మీద అమెరికన్ ఇంజినీరు వాల్టర్ మ్యాక్స్‌వెల్ ఏళ్ల తరబడి కలం పోరాటం చేశారు. ఆయన కాల్ సైన్ డబ్ల్యూ2డీయూ. 1973 నుంచి 'క్యూఎస్‌టీ' పత్రికలో ఆయన రాసిన వ్యాసాలు తర్వాత 'రిఫ్లెక్షన్స్' పుస్తకంగా వచ్చాయి. ఆయన వాదన సారాంశం ఇది: సెట్టు వైపు మ్యాచింగ్ సరిగ్గా ఉంటే వెనక్కి వచ్చిన అల అక్కడ మళ్లీ తిరిగి యాంటెన్నా వైపే వెళుతుంది. పోయేది కేబుల్‌లో అటూ ఇటూ తిరిగేటప్పుడు జరిగే నష్టం మాత్రమే.

కాబట్టి అసలు ప్రశ్న కేబుల్‌ది. 7 మెగాహెర్ట్జ్ దగ్గర 30 మీటర్ల ఆర్‌జీ-58లో నష్టం దాదాపు 1 డెసిబెల్. యాంటెన్నా దగ్గర ఎస్‌డబ్ల్యూఆర్ 3 ఉంటే ఆ నష్టానికి అదనంగా చేరేది అర డెసిబెల్ మాత్రమే. బ్రిటన్‌కు చెందిన లూయీ వార్నీ 1946లో రూపొందించిన 31 మీటర్ల జీ5ఆర్‌వీ యాంటెన్నా అనేక బ్యాండ్లలో పనిచేయడానికి కారణమూ ఇదే. నష్టం అతి తక్కువగా ఉండే ఓపెన్ వైర్ ఫీడర్ వాడితే దాని మీద ఎస్‌డబ్ల్యూఆర్ ఎంత ఉన్నా పెద్దగా పోయేదేమీ ఉండదు.

మరి ట్రాన్సిస్టర్లకు ప్రమాదం లేదా? ఉంది. అయితే ఆ ప్రమాదం తాము ఊహించని లోడ్ ఎదురైనప్పుడు వాటి మీద పడే అధిక వోల్టేజీ లేదా అధిక కరెంటు వల్ల వస్తుంది. అందుకే ఇప్పటి సెట్లలో రక్షణ సర్క్యూట్ ఉంటుంది. ఎస్‌డబ్ల్యూఆర్ 2 దాటాక చాలా సెట్లు పవర్‌ను తామే తగ్గించేసుకుంటాయి. "పవర్ తగ్గిపోతోంది, సెట్టు పాడైంది" అని మెకానిక్ దగ్గరకు పరుగెత్తేముందు యాంటెన్నా చూసుకోవడం మేలు.

అపోహ 4: సెట్టు మీటరు చూపిన అంకే యాంటెన్నా దగ్గరి అంకె.

వాస్తవం: కేబుల్ నష్టం ఎస్‌డబ్ల్యూఆర్‌ను దాచేస్తుంది. వెళ్లేటప్పుడు పవర్ తరుగుతుంది, తిరిగొచ్చేటప్పుడు మళ్లీ తరుగుతుంది. సెట్టు దాకా చేరే ప్రతిఫలనం చిన్నది కాబట్టి మీటరు శుభవార్తే చెబుతుంది. 145 మెగాహెర్ట్జ్ దగ్గర 30 మీటర్ల ఆర్‌జీ-58లో నష్టం 5 నుంచి 6 డెసిబెల్స్ ఉంటుంది. పైన యాంటెన్నా ఊడిపోయి కేబుల్ చివర ఖాళీగా వేలాడుతున్నా సరే, కింద సెట్టు దగ్గర ఎస్‌డబ్ల్యూఆర్ 2 లోపే కనిపిస్తుంది! యాంటెన్నా సవ్యంగా ఉన్నా పవర్‌లో మూడో వంతు కూడా దాన్ని చేరదు. వీహెచ్‌ఎఫ్‌లో కేబుల్ పొట్టిగా, మందంగా, నాణ్యంగా ఉండాలని పెద్దలు చెప్పేది ఇందుకే. నిజం తెలియాలంటే మీటరును యాంటెన్నా మొదట్లో పెట్టి చూడాలి. లేదంటే కేబుల్ నష్టాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

అపోహ 5: కేబుల్‌ను కొంచెం కొంచెం కత్తిరిస్తూ పోతే ఎస్‌డబ్ల్యూఆర్ దిగుతుంది.

వాస్తవం: 50 ఓమ్‌ల మంచి కేబుల్ మీద ఎక్కడ కొలిచినా, నష్టం సంగతి పక్కన పెడితే, ఎస్‌డబ్ల్యూఆర్ ఒకటే. పొడవును బట్టి మారేది సెట్టుకు కనిపించే ఇంపిడెన్స్. కేబుల్ కత్తిరిస్తే అంకె నిజంగానే మారుతోందా? అయితే కేబుల్ పైతొడుగు మీద కరెంటు పారుతోందేమో చూడాలి. అప్పుడు కేబుల్ కూడా యాంటెన్నాలో భాగమైపోతుంది. చేత్తో పట్టుకుంటే, పక్కకు జరిపితే అంకె ఊగడం దీనికి గుర్తు. మందు కత్తెర కాదు. యాంటెన్నాకు కేబుల్ కలిసే చోట చోక్ బాలన్ పెట్టాలి. కేబుల్‌కు ఫెరైట్ రింగులు తొడిగినా, తగినన్ని చుట్లు చుట్టినా చోక్ తయారవుతుంది.

అపోహ 6: ట్యూనర్ యాంటెన్నాను ట్యూన్ చేస్తుంది.

వాస్తవం: పేరు అలా పడిపోయింది కానీ, సెట్టు లోపలి ట్యూనర్ పైనున్న తీగను ఒక్క సెంటీమీటరు కూడా మార్చలేదు. సెట్టుకు 50 ఓమ్‌లు కనిపించేలా మధ్యలో సర్దుబాటు చేస్తుంది, అంతే. ట్యూనర్‌కు అవతల కేబుల్ మీద ఎస్‌డబ్ల్యూఆర్ అలాగే ఉంటుంది. సెట్లలో ఉండే ట్యూనర్లు సాధారణంగా 3:1 దాకానే సర్దగలవు. యాంటెన్నాను కొలిచేటప్పుడు ట్యూనర్ ఆపేయాలి. ఆన్‌లో ఉంచి కొలిస్తే మీటరు మెచ్చుకునేది ట్యూనర్‌నే.

అపోహ 7: ఎస్‌డబ్ల్యూఆర్ కనిష్ఠంగా ఉన్నచోటే రెజొనెన్స్. రెజొనెన్స్ అయితే 1:1 రావాలి.

వాస్తవం: రెజొనెన్స్ అంటే రియాక్టెన్స్ సున్నా కావడం. ఆ స్థితిలో అడ్డంకులేమీ లేని ఆకాశంలో ఉన్న డైపోల్ ఇంపిడెన్స్ సుమారు 73 ఓమ్‌లు. 50 ఓమ్‌ల కేబుల్ మీద ఎస్‌డబ్ల్యూఆర్ దాదాపు 1.5. రెజొనెన్స్ పక్కాగా కుదిరింది, 1:1 మాత్రం రాలేదు. రెండు చేతులూ కిందికి వంచి ఇన్వర్టెడ్ వీగా కడితే ఇంపిడెన్స్ 50 వైపు దిగుతుంది. నేల నుంచి ఎత్తు మారినా మారుతుంది. ఇంపిడెన్స్ మొత్తం విప్పి చూడాలంటే నానోవీఎన్‌ఏ లాంటి చిన్న ఎనలైజర్ కావాలి. అది కేబుల్‌కు తగిలించి ఉన్నప్పుడు పొరపాటున కూడా ట్రాన్సీవర్ పవర్ దానిలోకి పోకూడదు. కేబుల్ టీవీకి వాడే 75 ఓమ్‌ల కోయాక్స్ పనికిరాదన్న మాట కూడా ఈ 1:1 మోజు నుంచి వచ్చిందే. డైపోల్‌కు అది దగ్గరి జోడీ. నష్టంలో ఆర్‌జీ-6 సన్నటి ఆర్‌జీ-58 కంటే నయం. సరైన కనెక్టర్ దొరికించుకోవడమే దానితో ఇబ్బంది.

అపోహ 8: పీటీటీ నొక్కి "హలో హలో" అంటూ మీటరు చూస్తే చాలు.

వాస్తవం: ఎస్‌ఎస్‌బీలో పవర్ గొంతుతో పాటు ఎగిరి పడుతుంది, అంకె కుదురుగా నిలవదు. పద్ధతి ఇదీ:

ట్యూనర్ ఆపండి. పవర్‌ను 10 వాట్ల దగ్గరికి దించండి. సీడబ్ల్యూ, ఆర్‌టీటీవై లేదా ఎఫ్‌ఎం మోడ్‌కు మారండి. క్యారియర్ నిలకడగా వస్తుంది. ముందు ఆ ఫ్రీక్వెన్సీ మీద ఎవరైనా ఉన్నారేమో వినండి. మీ కాల్ సైన్ చెప్పి, కొద్ది సెకన్లు మాత్రమే క్యారియర్ వేసి అంకె రాసుకోండి. ఆ సమయంలో యాంటెన్నా దగ్గర ఎవరూ లేకుండా చూడండి. ఆర్‌ఎఫ్ వల్ల కాలితే గాయం లోతుగా ఉంటుంది.

పవర్ మరీ తగ్గించినా చిక్కే. మీటరులోని డయోడ్‌కు చిన్న ప్రతిఫలనం అందదు, అంకె ఉన్నదానికంటే అందంగా కనిపిస్తుంది. మీ సెట్టు మాన్యువల్ ఇంత పవర్ ఉండాలని చెబితే అదే పాటించండి.

ఒక్కచోట కొలవడం చాలదు. మన దేశంలో 40 మీటర్ల బ్యాండ్ 7.0 నుంచి 7.2 మెగాహెర్ట్జ్. కింది అంచు, మధ్య, పై అంచు మూడింటా చూడండి. కింది అంచులో తక్కువగా ఉండి పైకి పోయేకొద్దీ పెరుగుతుంటే తీగ పొడవెక్కువ. రెండు వైపులా సమానంగా కొంచెం మడవండి. దీనికి తిరగబడితే తీగ చాలలేదు. మొదలుపెట్టడానికి 143ను మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే డైపోల్ మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది, 7.1కి అది 20 మీటర్ల పైచిలుకు. ముందు కాస్త పొడవుగా కట్టుకోవడమే తెలివి.

అపోహ 9: ఒకసారి సరిచూస్తే ఇక దిగుల్లేదు. అంకె తనంత తాను తగ్గితే మరీ మంచిది.

వాస్తవం: తనంత తాను తగ్గిన అంకెనే ఎక్కువ అనుమానించాలి. కనెక్టర్ గుండా వాన నీరు కోయాక్స్‌లోకి దిగితే నష్టం పెరుగుతుంది. నష్టం పెరిగితే, నాలుగో అపోహలో చూసినట్టే, ఎస్‌డబ్ల్యూఆర్ "బాగుపడుతుంది". విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీర పట్టణాల్లో ఉప్పుగాలి కీళ్లను తినేస్తుంది. అప్పుడు అంకె ఒకరోజు పెరుగుతుంది, ఒకరోజు దిగుతుంది. మీటరుకు సరిపడా పవర్ ఉండి, ఇంకా పెంచినప్పుడు అంకె గెంతితే ఎక్కడో కీలు వదులైందని అర్థం; ఎస్‌డబ్ల్యూఆర్ నిష్పత్తి కాబట్టి పవర్‌తో మారకూడదు.

ఈ మీటరు నిజంగా అక్కరకొచ్చేది మార్పును పట్టుకోవడానికే. యాంటెన్నా కట్టిన రోజున మూడు ఫ్రీక్వెన్సీల అంకెలు, తేదీ, పవర్, కేబుల్ పొడవు లాగ్‌బుక్‌లో రాసిపెట్టుకోండి. వానాకాలం ముందొకసారి, తర్వాతొకసారి అలాగే కొలిచి పోల్చండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు ఫోన్లు మూగబోయాయి. అలాంటి రోజు వస్తే హ్యామ్ సెట్టు అవసరం పడుతుంది, అప్పుడు యాంటెన్నాను అనుమానిస్తూ కూర్చునే తీరిక ఉండదు. అంకె 2 లోపు ఉండి, నెలల తరబడి కదలకుండా ఉంటే మీటరును వదిలేసి మైకు అందుకోండి.