సీనియర్ గారి ఫోల్డరు

పోయిన నెల, నేను ఎమ్మెస్ చేసిన యూనివర్సిటీ నుంచి మెయిలొచ్చింది. పూర్వ విద్యార్థుల చందా కోసమేమో అనుకుని రెండ్రోజులు తెరవలేదు. తీరా చూస్తే, పదేళ్ళ క్రితం ఆపరేటింగ్ సిస్టమ్స్ కోర్సులో నేను రాసిన ప్రాజెక్టూ, ఈసారి ఒక కుర్రాడు సబ్మిట్ చేసిందీ దాదాపు ఒకటేనట. "మీ కోడ్ అతనికి మీరే ఇచ్చారా?" అని ప్రొఫెసర్ గారి ప్రశ్న.

నేనివ్వలేదు. కానీ ఇచ్చినట్లే. ఉద్యోగం వెతుక్కునే రోజుల్లో రెజ్యుమేలో చూపించుకోడానికి దాన్ని గిట్‌హబ్‌లో పెట్టాను. మామూలు ఉచిత ఖాతాలకి ప్రైవేటు రిపాజిటరీలు 2019 జనవరిలో గానీ రాలేదు. వచ్చాకైనా మార్చానా అంటే, దాని సంగతే మర్చిపోయాను.

ఆ కుర్రాడు మన తెలుగువాడే. లింక్డిన్‌లో నన్ను పట్టుకుని ఫోన్ చేశాడు. "అన్నా, వేరియబుల్ పేర్లన్నీ మార్చాను, ఫంక్షన్లు పైవి కిందకీ కిందవి పైకీ జరిపాను. ఎలా దొరికానో అర్థం కావట్లేదు" అన్నాడు. తప్పు చేశానన్న బాధ కంటే ఆ ఆశ్చర్యమే ఎక్కువగా వినిపించింది.

పట్టిచ్చింది మాస్ (మన సినిమా మాస్ కాదు లెండి). 1994లో అలెక్స్ ఐకెన్ తయారుచేసిన ప్రోగ్రాం ఇది. ఖాళీలూ పేర్లలో తేడాలూ పక్కన పెట్టేసి, మిగిలిన కోడ్‌ని ఒకదానిమీదొకటి ఎక్కే చిన్న ముక్కలుగా చేసి, ఒక్కో ముక్కకీ ఒక హాష్ లెక్కకడుతుంది. పక్కపక్కనున్న కొన్ని హాష్‌లలో అన్నిటికన్నా చిన్నదాన్ని వేలిముద్రగా దాచుకుంటుంది. 2003లో దీనిమీద పేపరు రాసినవాళ్ళు ఈ పద్ధతికి పెట్టిన పేరు 'విన్నోయింగ్', అంటే అచ్చంగా మన తూర్పారబట్టడం! ఫంక్షన్ పైనున్నా కిందున్నా గింజ గింజే. పైగా ప్రొఫెసర్లు పాత బ్యాచుల కోడూ, నెట్‌లో దొరికేదీ అందులో కలిపి మరీ పోలుస్తారు.

"చెగ్‌లో అడిగుంటే బాగుండేదేమో" అన్నాడు. 2005లో మొదలై, పుస్తకాలు అద్దెకిస్తూ పైకొచ్చిన ఈ కంపెనీ తర్వాత నెలచందా మీద జవాబుల వ్యాపారంలో దిగింది. ఆ జవాబులు రాసేవాళ్ళలో వేలమంది మన దేశంలోనే ఉన్నారు. అయితే ఒకప్పుడు యూనివర్సిటీ విచారణకి అడిగితే, ఎవరు ఏ గంటకి ఏ ఐపీ నుంచి ప్రశ్న పెట్టారో చెగ్ ఇచ్చేసేది. 2023 మేలో చాట్‌జీపీటీ దెబ్బకి దాని షేరు ఒక్కరోజులో సగానికి సగం పడిందనుకోండి, అది వేరే కథ.

నాకు మాత్రం మా ఇంజనీరింగ్ కాలేజీ గుర్తొచ్చింది. అక్కడ ల్యాబ్ రికార్డు చూసి రాయడం తప్పే కాదు. రికార్డు ఇవ్వనివాడే చెడ్డవాడు! అదే అలవాటు సూట్‌కేసులో పెట్టుకుని విమానం ఎక్కుతాం. ఇక్కడ పుట్టిన పిల్లవాణ్ణి సస్పెండ్ చేస్తే ఇంటికెళ్ళి ఒక సెమిస్టర్ కూర్చుంటాడు. ఎఫ్-1 మీదున్నవాణ్ణి సస్పెండ్ చేస్తే సెవిస్ రికార్డు ముగిస్తారు, దేశం వదిలి వెళ్ళాల్సిందే. ఇతని వెనక బ్యాంకు లోనుంది, దానికింద వాళ్ళ నాన్నగారి పొలం ఉంది.

ఉన్నదున్నట్టు ప్రొఫెసర్ గారికి రాశాను. వాదించొద్దనీ, ఒప్పేసుకోమనీ అతనికి చెప్పాను. వచ్చే వారం విచారణ.

ఆ రాత్రే రిపాజిటరీని ప్రైవేటు చేశాను. అప్పటికే దానికి పదకొండు ఫోర్కులున్నాయి. నాది మూసేసినా అవి పబ్లిక్‌గానే ఉంటాయి.