కాకి ముట్టని కోరిక

విజయవాడలో కృష్ణ ఒడ్డున, ఘాట్ల దగ్గర పొద్దున్నే కనిపించే దృశ్యమిది. పిండం పెట్టి అందరూ నాలుగడుగులు వెనక్కి జరుగుతారు. కాకులు చుట్టూ తిరుగుతాయే కానీ ముట్టవు. పది నిమిషాలు... పావుగంట... ఎవరో పెద్దావిడ అందుకుంటుంది. 'ఆయనకి చిన్నదాని పెళ్లి గురించే బెంగ. మేం చేస్తామని చెప్పరా!' కొడుకు చేతులు జోడించి ఆ మాట అంటాడు. కాకి వాలుతుంది. అందరూ ఊపిరి పీల్చుకుంటారు.

పోయినవారి ప్రాణం దేనిమీదో ఉండిపోయిందని మన నమ్మకం. ఇదే కృష్ణ ఒడ్డున ఒకప్పుడు వెలిగిన బౌద్ధం ఆ మాటని కాస్త తిప్పి చెప్పింది. కోరికను పట్టుకు వేలాడే ఆత్మ వేరే లేదు, ఆ పట్టుకోవడమే మరో పుట్టుకకు మూలం అంది.

బుద్ధుడు చెప్పిన పన్నెండు లంకెల గొలుసులో తృష్ణ నుంచి ఉపాదానం, దాన్నుంచి భవం, భవం నుంచి జన్మ. ఉపాదానమంటే మనకు తెలిసింది ఇంటింటికీ తిరిగి బియ్యం అడిగి తెచ్చుకోవడం. పాళీలో ఆ మాటకు గట్టిగా పట్టుకోవడమనీ, నిప్పుకి వేసే పుల్ల అనీ అర్థాలు. పుల్లలున్నంతసేపే మంట! మరి ఒక ఒళ్లు వదిలాక, ఇంకోటి దొరికేలోపు? వచ్ఛగోత్రుడనే పరివ్రాజకుడు అడిగిందీ ఇదే. గాలికి ఎగిరి దూరాన అంటుకునే మంటకు ఆ గాలే ఆధారమైనట్టు, అప్పుడు తృష్ణే ఇంధనమని బుద్ధుడు బదులిచ్చినట్టు సంయుత్త నికాయంలో ఉంది.

ఆ 'లోపు' మీద మనవాళ్లకూ పేచీ ఉండేది. ధాన్యకటకం, అంటే నేటి అమరావతి ప్రాంతపు పూర్వశైలీయులు చావుకీ పుట్టుకకీ నడుమ ఒక దశ ఉందనేవారు. థేరవాదులు లేదు పొమ్మన్నారు.

వాదాలకన్నా నాకు నచ్చింది ఓ కథ. 7వ శతాబ్దంలో ధాన్యకటకం వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ రాసుకున్నది. అప్పటికే ఇక్కడి ఆరామాలు చాలావరకు పాడుబడి, ఇరవై దాకా మిగిలాయట.

కథానాయకుడు భావవివేకుడు. 6వ శతాబ్దపు పండితుడు. నాగార్జునుడి గ్రంథానికి 'ప్రజ్ఞాప్రదీపం' అనే వ్యాఖ్య రాశాడు. అంతా శూన్యమని వాదించిన మనిషి! ఆయనకు కొన్ని సందేహాలు మిగిలిపోయాయి. రాబోయే బుద్ధుడు మైత్రేయుడు తప్ప తీర్చేవారు లేరనుకున్నాడు. అందాకా ఈ ఒంటితోనే ఉండాలని పట్టుబట్టి, నీళ్లు మాత్రమే తాగుతూ మూడేళ్లు జపం చేశాడు. అవలోకితేశ్వరుడు ప్రత్యక్షమై, 'ఒళ్లు నిలిచేది కాదు, తుషిత స్వర్గంలో పుట్టాలని కోరుకో, అక్కడే ఆయన్ని చూడొచ్చు' అని నచ్చజెప్పాడు. వింటేగా! చివరికి ధాన్యకటకానికి దక్షిణాన ఉన్న కొండ దారి చూపించాల్సి వచ్చింది. అక్కడ మరో ఆరేళ్ల జపం. మంత్రించిన ఆవగింజతో కొడితే కొండరాయి తెరుచుకుంది. జనం విరగబడ్డారు. 'నాతో రండి' అని పిలిస్తే, అది పాముల బిలమేమోనని జంకారు. ముమ్మారు పిలిచాక ఆరుగురు వెంట నడిచారు. రాయి మూసుకుంది. బయట మిగిలినవాళ్లు వగచారు.

బౌద్ధం లెక్కలో పట్టుకోవడాలు నాలుగు. సుఖాలను, అభిప్రాయాలను, వ్రతనియమాలను, 'నేను' అన్న భావాన్ని. ఇల్లూ వాకిలీ ఎప్పుడో వదిలేసిన ఈ సన్యాసికి సందేహాలు మిగిలాయి, వాటికోసం ఒళ్లూ కావాల్సి వచ్చింది. కూతురి పెళ్లి బెంగతో పోయిన తండ్రి ఈయనకంటే ఏం తీసిపోయాడు?

ఇంతకీ ఆ కొండ ఎక్కడ? యాత్రికుడు చెప్పిన నగరం బెజవాడేనని 19వ శతాబ్దంలో ఫెర్గూసన్, సూయెల్ వాదించారు. కన్నింగ్‌హామ్ ధరణికోట అన్నాడు. ఇప్పటి పండితులు ఎక్కువగా ఆయన మాటకే మొగ్గుతారు. బెజవాడ కొండల మీద అయితే ఇప్పుడు వరసగా మెట్లూ ఇళ్లూ!

మైత్రేయుడి రాకకు చైనా, జపాన్ బౌద్ధులు చెప్పుకునే ఒక లెక్క 567 కోట్ల ఏళ్లు. కథ ప్రకారం భావవివేకుడు, ఆ ఆరుగురు ఇంకా లోపలే ఉన్నారు.