పద్దులో వ్రాయని ఖర్చు

విత్తనము, ఎరువు, కూలి, పురుగుమందు - వీటి ఖర్చును మీరు పద్దులో వ్రాసుకొందురు. కాని అనేక కుటుంబములను కుంగదీయు ఒక ఖర్చు ఏ పద్దులోను కనిపించదు. మనోవేదనలో ఇంటివారొకరు పురుగుమందు త్రాగినపుడు ఆసుపత్రికి అగు ఖర్చు అది.

ఆర్గానోఫాస్ఫేటు జాతి మందు ఒంటిలో చేరినచో ఊపిరి కండరములు పట్టు తప్పును. రోగిని రోజుల తరబడి కృత్రిమశ్వాస యంత్రముపై ఉంచవలసి రావచ్చును. ప్రైవేటు ఆసుపత్రిలో మంచము, యంత్రము, మందులు దేని లెక్క దానిదే. తోడున్నవారి కూలి పోవును, పొలము పని ఆగును. చివరకు గేదెను అమ్ముదురు, లేదా అప్పు తెత్తురు. నూటికి మూడు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చినచో నెలకు 3,000, ఏడాదికి 36,000 రూపాయలు వడ్డీయే అగును. అప్పుల బాధతో వచ్చిన ఆపద కొత్త అప్పును తెచ్చిపెట్టును.

పోలీసు కేసగునను భయముతో కొందరు సంగతి దాచి కాలము పోగొట్టుదురు. ఈ భయము వలదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 115వ సెక్షను ప్రకారము, అట్టివారు తీవ్రమైన మనోవ్యథలో నున్నట్లే భావించవలెను, శిక్షింపరాదు. ఈ సంగతిని గ్రామాధికారులు ఊరిలో అందరికి తెలుపవలెను.

శ్రీలంకలో ప్రభుత్వ వైద్యము ఉచితము గనుక ఈ భారమెక్కువగా ప్రభుత్వముపైననే పడెను. అచట 1995 నుండి అతి విషపూరితమైన మందులను దశలవారీగా నిషేధించిరి. 2015 నాటికి ఆత్మహత్యల రేటు సుమారు 70 శాతము తగ్గెను. పంట దిగుబడి మాత్రము తగ్గలేదు. మన కేంద్ర ప్రభుత్వమును 2018లో 18 మందుల నిషేధమునకు ఉత్తర్వు చేసెను.

మీరు చేయదగినదేమి? ఆ పూట పిచికారికి వలసినంత మందే కొనుడు. మిగిలినది ఇంట తాళము వేసి ఉంచిననే చాలదు, అసలు ఇంట లేకుండుటయే మేలు. డబ్బాపై ఎర్ర, పసుపు త్రికోణములున్న మందులకు బదులు నీలి, ఆకుపచ్చ గుర్తులవి వాడవచ్చునేమో వ్యవసాయాధికారిని అడుగుడు.

ఆపద జరిగినచో వాంతి చేయింపవలదు. తడిసిన బట్టలు విప్పి ఒళ్లు కడిగి, 108కి ఫోను చేసి, డబ్బా చీటీతో సహా దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చుడు.

అంతకు ముందే, మాట తగ్గించి దిగులుగా నున్నవారిని పలుకరించుడు. 14416 నంబరుకు రాత్రింబవళ్లు ఎప్పుడైనను ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చును.