తీసేయగా మిగిలిన కారు

శనివారం పొద్దున్న ఏడింటికి మా అక్కవాళ్ళ గరాజ్‌లోంచి సుత్తి చప్పుడు. డల్లాస్‌కి ఉత్తరాన ఉన్న ఆ వీధిలో ఆ వేళకి గడ్డికి నీళ్ళు చిమ్మే స్ప్రింక్లర్లు తప్ప ఏదీ నోరు విప్పదు. వెళ్ళి చూస్తే, మా మేనల్లుడు చిన్న ఎర్ర కారులో నడుం దాకా దూరిపోయి ఉన్నాడు. సీట్లు లేవు. కార్పెట్ లేదు. తలుపుల లోపలి అట్టలు గోడకి ఆనించి ఉన్నాయి. కింద రేకు మీద పోసిన డ్రై ఐస్ తెల్లగా పొగలు కక్కుతోంది.

"మామయ్యా, ఆ షట్టర్ పూర్తిగా పైకి లేపవా? ఈ పొగ మూసిన గదిలో మంచిది కాదు" అన్నాడు తలెత్తకుండా.

రోడ్డు చప్పుడు లోపలికి రాకూడదని కంపెనీవాళ్ళు కారు నేలకి తారు పలకలు అతికిస్తారు. పందెంలో ఆ నిశ్శబ్దం ఎవరికీ అక్కర్లేదు, మోసుకెళ్ళే బరువు తప్ప. గీకి తీయాలంటే చేతులు పడిపోతాయి. మైనస్ 78 డిగ్రీల డ్రై ఐస్ పోస్తే తారు గడ్డకట్టి పెళుసైపోతుంది. సుత్తితో తట్టితే చాలు, వేయించిన అప్పడంలా విరిగి ఊడొస్తుంది. ఊడొచ్చిన ప్రతి పెంకునీ వాడు బకెట్లో వేసి తూకం చూస్తున్నాడు. బంగారం కొట్లో కూడా అంత శ్రద్ధగా తూచడం నేను చూడలేదు.

"కారు కొన్నాడంటే సంతోషించాను రా తమ్ముడూ. తెచ్చిన నెలకే పీకుళ్ళు మొదలెట్టాడు" అంది అక్క, కాఫీ చేతికిస్తూ. కొన్న కొత్తలో ఓ సాయంత్రం టాపు తీసేసి చెరువు చుట్టూ తిప్పాడట. కొప్పు ఊడిపోయిందట. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం మొహంలో కోపం లేదు.

నేను వెళ్ళింది వేగం గురించి రాద్దామని. వారాంతపు పందాల కోసం మామూలు స్పోర్ట్స్ కారుని రేసు కారుగా మార్చడమంటే ఇంజన్ విప్పి, గుర్రాల బలం పెంచి, సైలెన్సర్ తీసేసి వీధి అదరగొట్టడమని నా ఊహ. రెండు విడతలుగా అక్కడున్న మూడు నెలల్లో ఆ కారు ఇంజన్‌కి బలం పెంచే సామాను ఒక్కటి కూడా గరాజ్‌లోకి రాలేదు. పీకి పారేసినవి, ప్రాణం కోసం బిగించినవి, అంతే.

విలేకరి వేసిన విత్తనం

ఆ కారు మాజ్డా మియాటా. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో తొలిసారి జనం కంటపడింది. దాని పుట్టుక వెనక ఒక విలేకరి ఉన్నాడని తెలిసి నాకు కాస్త గర్వం కూడా వేసింది. బాబ్ హాల్ అని అమెరికన్, కార్ల మీద రాసేవాడు. ఇంగ్లీషువాళ్ళు ఒకప్పుడు చేసి వదిలేసిన చవకైన, తేలికైన, టాపు తెరుచుకునే రెండు సీట్ల కార్లలాంటివి మీరెందుకు చేయకూడదని 1970లలో మాజ్డాలో పెద్ద హోదాలో ఉన్న కెనిచి యమమోటోని అడిగాడు. తర్వాత హాల్ ఆ కంపెనీలోనే చేరాడు. తోషిహికో హిరాయ్ ఆధ్వర్యంలో కారు తయారైంది. గుర్రమూ రౌతూ ఒకే ప్రాణిగా కదలాలన్న అర్థంలో 'జింబా ఇత్తాయ్' అనే జపాను మాటని వాళ్ళు ఆదర్శంగా పెట్టుకున్నారు.

1.6 లీటర్ ఇంజన్, 116 హార్స్‌పవర్, వెయ్యి కిలోలలోపు బరువు, తోపు వెనక చక్రాలకి. మా అక్క ఇండియన్ స్టోర్‌కి వేసుకెళ్ళే వ్యాన్‌కి దీనికి రెండింతల పైన శక్తి ఉంది. తిన్నటి రోడ్డు మీద ఈ కారు ఎవరినీ భయపెట్టదు. మలుపు వస్తే సంగతి వేరు. బ్రేకు మీద కాలు ఎంత ఆలస్యంగా వేయొచ్చు, స్టీరింగ్ ఎంత తక్కువ తిప్పి బయటపడొచ్చు అన్నది నేర్చుకోవాలంటే బలం తక్కువ, మాట వినడం ఎక్కువ ఉన్న బండే కావాలి. 2016 ఏప్రిల్ నాటికి పది లక్షల మియాటాలు తయారయ్యాయి కాబట్టి పాతవీ, వాటి సామానూ దొరకడం కష్టం కాదు.

మావాడు నాసాలో ఉన్నాడు

అమెరికాలో ఈ పందాలు నడిపే క్లబ్బులు ప్రధానంగా రెండు. 1944లో పుట్టిన స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా ఒకటి. రెండోది 1991లో మొదలైన నేషనల్ ఆటో స్పోర్ట్ అసోసియేషన్. పొడి అక్షరాల్లో అది నాసా. మావాడు అందులో సభ్యత్వం తీసుకున్నాడు. అక్క ఈ కబురు ఫోన్లో గుంటూరుకి ఎలా చెప్పిందో గానీ, అక్కడ మా పెద్దమ్మ వీధిలో ఇద్దరికి మిఠాయి పంచింది. ఇప్పటికీ ఎవరూ సరిదిద్దలేదు.

ఈ కార్ల తరగతి పేరు స్పెక్ మియాటా. 1990ల చివర్లో టెక్సస్ కుర్రాళ్ళు, తక్కువ ఖర్చుతో అందరూ ఒకే రకం బండిలో పోటీపడాలని మొదలుపెట్టారు. 2006కల్లా పాత క్లబ్బు జాతీయ పోటీల్లో చోటు దక్కింది. 1990 నుంచి 2005 దాకా వచ్చిన మోడళ్ళకే ప్రవేశం. షాకబ్జార్బర్లు, స్ప్రింగులు, చక్రాల సైజు, టైర్ల రకం, అన్నీ రూల్సే నిర్ణయిస్తాయి. తర్వాతి 1.8 లీటర్ బండ్లకి బలం ఎక్కువ గనక గాలి పీల్చే దారిలో చిల్లు పెట్టిన పలక అడ్డం పెట్టి ఊపిరి బిగిస్తారు, బరువు కూడా ఎక్కువ మోయిస్తారు. పుస్తకంలో చేయొచ్చని రాయనిది చేయకూడదు, అదీ మూలసూత్రం. పెద్ద పోటీల్లో గెలిచినవాడి ఇంజన్ విప్పించి కొలతలు చూస్తారు. మన పొట్టేళ్ళ పందాల్లో కూడా ఇంత అనుమానం ఉండదు.

దాంతో డబ్బున్నవాడికి కొనుక్కోవడానికి వేగం మిగలదు. వాడికి మిగిలేది వాడి కాలూ చెయ్యే. ఈ ఆటలో నాకు బాగా నచ్చిన అన్యాయం అదొక్కటే.

ఇనుప పంజరం

తారు పోయాక కారు ట్రైలర్ ఎక్కి వెల్డింగ్ షాపుకి వెళ్ళింది. నేను రోజంతా అక్కడే కూర్చున్నాను. రోల్ కేజ్ అంటే కారు లోపల మరో అస్థిపంజరం. ఈ బరువు కారుకి ఒకటిన్నర అంగుళాల వ్యాసం, సుమారు 2.4 మిల్లీమీటర్ల మందం ఉన్న స్టీలు గొట్టం కావాలి. రేకుని చుట్టి అంచులు అతికిన మామూలు పైపు పనికిరాదు, అతుకు కనపడకుండా మళ్ళీ మూస మీద లాగి తయారుచేసిన గొట్టమే ఉండాలి. డ్రైవర్ వెనక నిలిచే పెద్ద కమాను ఒకే గొట్టాన్ని వంచి చేయాలి. మధ్యలో ముక్క అతికితే తనిఖీలోనే తిరస్కరిస్తారు. దాని కాళ్ళు నేరుగా కారు నేల మీద ఆనవు. పలచని రేకుని గొట్టం పొడుచుకుపోతుంది కదా, అందుకని కింద మందపాటి పలకలు వేసి ఆ బరువుని పరుస్తారు. ఇంటి స్తంభానికి కింద రాతిపీట వేసినట్టు.

పైన టాపు ఉన్న కార్లలో వెల్డర్‌కి నరకం. కమాను నెత్తి కప్పుకి ఆనుకుని ఉంటుంది, దాని పైవైపు టార్చి పోదు. అందుకు కొందరు నేలకి కంతలు కోసి పంజరాన్ని కిందికి దింపి, పైన అతికి, మళ్ళీ లేపి నిలబెడతారు. మియాటాకి టాపు ఊడొస్తుంది కాబట్టి ఆ బాధ లేదు. పందెంలో మాత్రం గట్టి టాపు పెట్టి బోల్టులు బిగించాల్సిందే.

ఆ వెల్డర్ మాటకారి కాదు. ఒక్కో గొట్టం చివర చేప నోరులా కోసి, రెండోదాని వంపులో వెంట్రుకవాసి సందు లేకుండా కూర్చునేదాకా ఆకురాయి పడుతూనే ఉన్నాడు. తలుపు వైపు గొట్టాలు బయటికి ఉబ్బి ఉన్నాయి. వాటికి చోటివ్వడానికి తలుపు అద్దాన్నీ, దాన్ని దింపే యంత్రాన్నీ పీకేశారు. పక్కనుంచి ఎవరైనా గుద్దితే ఆ జానెడు అదనపు చోటు తుంటికీ చావుకీ మధ్య నిలుస్తుంది.

పంజరం పడ్డాక ఆ కారు రోడ్డుకి దూరమైనట్టే. హెల్మెట్ లేని తలకి అది రక్షణ కాదు, శత్రువు. సిగ్నల్ దగ్గర వెనకవాడు మెల్లిగా తగిలించినా బుర్ర ఇనుప గొట్టానికి కొట్టుకుంటుంది. మన దగ్గరైతే ఇలా మార్చిన బండితో రోడ్డెక్కడం అసలే కుదరదు, తయారీదారు ఇచ్చిన నిర్మాణానికి విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. ఈ సరదా ఉన్న మన కుర్రాళ్ళు బండిని ట్రక్కు ఎక్కించి రేసు ట్రాకులున్న శ్రీపెరుంబుదూరు దారో, కోయంబత్తూరు దారో పడతారు. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్లు తిరిగాయని మురిసిపోయాం గానీ, అది ప్రపంచ స్థాయి తిరునాళ్ళు. ఇది ఊరి ఆట.

ఆవకాయకి లేని గడువు

పంజరం తర్వాత సీటు, బెల్టులు. ఆరు పట్టీల బెల్టు చూడ్డానికి నిగనిగలాడుతూ ఉంటుంది, అయినా తేదీ దాటితే లోపలికి రానివ్వరు. అంతర్జాతీయ ముద్ర ఉన్నదానికి ఐదేళ్ళు. ఆవకాయ జాడీకి లేని గడువు దీనికుంది. హెల్మెట్ మోటార్ సైకిల్‌ది చెల్లదు, మంటలకి ఆగే కారు హెల్మెట్ వేరు. ఆ హెల్మెట్ల మీద ముద్ర వేసే స్నెల్ సంస్థ పేరు కూడా 1956లో పందెంలో తలకి దెబ్బ తగిలి చనిపోయిన పీట్ స్నెల్‌దే.

మెడకి తగిలించుకునే హాన్స్ అనే పట్టీది మరో కథ. కారు గోడకి కొట్టుకున్నప్పుడు బెల్టు ఒంటిని ఆపుతుంది, తల ఆగదు. పుర్రె అడుగు విరిగేది అప్పుడే. 1980లలో జిమ్ డౌనింగ్ అనే రేసరు, వాళ్ళ బావమరిది రాబర్ట్ హబ్బర్డ్ అనే ప్రొఫెసరు కలిసి తలని భుజాలకి కట్టే సాధనం తయారుచేశారు. ఇబ్బందిగా ఉందని చాలామంది రేసర్లు పక్కన పెట్టారు. 2001 ఫిబ్రవరి 18న డేటోనాలో చివరి ల్యాపులో డేల్ ఎర్న్‌హార్ట్ ప్రాణం పోయాక గానీ దాని విలువ అందరి తలకెక్కలేదు.

ఇంతకీ ఖర్చెంత అని మీరడుగుతారు. లెక్క నా దగ్గరుంది. కానీ ఈ పత్రిక అక్క కూడా చదువుతుంది. ఒక్కటి చెప్పగలను: ఇంకెవరో కట్టి, విసుగొచ్చి అమ్ముతున్న రేసు కారు కొనుక్కోవడం చాలా చవక. ఆ మాట ఇందులో ఉన్న ప్రతివాడూ కొత్తవాడికి చెబుతాడు. ఏ కొత్తవాడూ వినడు.

మెకానిక్ పని నేననుకున్నంత లేదు. 1990, 91 నాటి తొలి ఇంజన్లలో క్రాంక్‌షాఫ్ట్ ముందు కొస పొట్టిది, పుల్లీ వదులైతే అరిగిపోతుంది. అది తెలిసే 92 మోడల్ వెతికి కొన్నాడు. డిఫరెన్షియల్ బలహీనం, 1.8 బండిది వేసుకోవడానికి రూల్స్ ఒప్పుకుంటాయి. ముందు హబ్ బేరింగులు పందాల తాకిడికి ఆగవు కాబట్టి జత ఎప్పుడూ పెట్టెలో ఉండాలి. రేడియేటర్ నీళ్ళు ఈ ఇంజన్‌లో ముందునుంచే వెళ్ళి ముందునుంచే బయటికొస్తాయి, చివరి సిలిండర్ పాపం ఎప్పుడూ వేడి మీదుంటుంది. ఇక బ్రేక్ ఆయిల్. అది గాలిలో తేమ పీల్చుకుంటుంది. వేడెక్కితే మరిగి బుడగలు కడుతుంది, పెడల్ తొక్కితే కాలు మెత్తగా నేల దాకా పోతుంది. ఇంజన్ ఆగిపోయినా ఇంటికి రావచ్చు, కారు ఆగకపోతేనే కష్టం.

ఒక ఆదివారం కారుని నాలుగు తూకాల మీద, చక్రానికొకటి చొప్పున, ఎక్కించాడు. "మామయ్యా, నువ్వూ నేనూ ఒకే బరువు. ఎక్కి కూర్చో" అన్నాడు. ఎక్కడమంటే ఎక్కడమా! ముందు కాలు, తర్వాత నడుం, చివర తల, ఈ మూడింటి మధ్య నా పొట్ట. కూర్చున్నాక కుడి ముందు, ఎడమ వెనక చక్రాల బరువు కలిపితే మొత్తంలో సగం రావాలని స్ప్రింగుల కింది కాలర్లు తిప్పుతూ గంటన్నర. నేను జేబులోంచి ఫోన్ తీసి పక్కన పెట్టబోతే తిట్టాడు. పక్క సీటు పోయిన చోట మంటలార్పే సిలిండర్ బిగించి ఉంది, దాని మీద పెట్టబోయాను.

మొదటి పోటీ ఫోర్ట్‌వర్త్‌కి నైరుతిలో ఉన్న క్రెసన్ ట్రాక్‌లో. చుట్టు 1.7 మైళ్ళు. పందెపు కారు పందేనికి తన చక్రాల మీద వెళ్ళదు. తాళ్ళతో కట్టించుకుని ట్రైలర్ మీద ఊరేగుతుంది. అక్కడ తనిఖీదారు వెల్డింగులు వేలితో తడిమి, బెల్టుల తేదీ చూసి, స్టీరింగ్ తాళం తీసేశారా అని అడిగి, కారుకి ఒక లాగ్‌బుక్ తెరిచాడు. ఫొటో అంటించిన మొదటి పేజీ, పిల్లాడి స్కూలు పుస్తకంలా ఉంది. మధ్యాహ్నం ఎవరో అపరిచితుడికి హబ్ పోతే మావాడు తన పెట్టెలోది తీసిచ్చాడు. ఆ అపరిచితుడే సాయంత్రం పందెంలో మావాణ్ణి దాటిపోయాడు, మలుపులో కాస్త రాసుకుంటూ.

తిరుగు ప్రయాణంలో స్పీకర్ ఫోన్‌లో అక్క.

"ఎన్నోవాడివొచ్చావు?"

"ఇరవై ఏడు."

"మొత్తం ఎంతమంది?"

వాడు నావైపు చూశాడు. నేను కిటికీలోంచి టెక్సస్ చూశాను. "ముప్పై" అన్నాడు.

కాసేపు అటునుంచి మాట లేదు. "కారు బాగానే ఉందా?"

"కుడి ఫెండర్ నొక్కుకుంది. వచ్చే పోటీలోపు బాగుచేయాలని పుస్తకంలో రాశారు."

"ఆ పక్క సీటు అమ్మేశావా?"

"లేదమ్మా, అటక మీదుంది."

"బోల్టులు?" అంది అక్క.