పేజీ దక్కింది... అక్షరం తప్పిపోయింది!

పోయిన సంక్రాంతికి సూళ్లూరుపేట వెళ్లినప్పుడు మా అత్త నా చేతిలో ఓ పల్చటి పుస్తకం, ఓ సీడీ పెట్టింది. పుస్తకం మా తాతది. మొత్తం 40 పేజీలు. 1998లో సొంత డబ్బు పెట్టి 200 కాపీలు వేయించుకున్నాడు. బడిపంతులుగా రిటైరయ్యాక సైకిలేసుకుని పులికాట్ సరస్సు ఒడ్డున ఊళ్లన్నీ తిరిగి, జాలర్లనీ శ్రీహరికోట దీవి సంగతులు తెలిసిన పెద్దవాళ్లనీ అడిగి రాసుకున్న మాటలవి. వలల పేర్లు, గాలుల పేర్లు, చేపల పేర్లు.

"ఇదొక్కటే మిగిలింది నాయనా. మధ్యలో పేజీలు ఊడిపోయినాయి. నువ్వు కంప్యూటర్ చదివినావు గదా, మళ్లీ వేయించు" అంది అత్త.

చూస్తే పిన్నులు తుప్పు పట్టి నడిమి రెండు షీట్లు లేచిపోయాయి. అంటే 17 నుంచి 24 దాకా ఎనిమిది పేజీలు లేవు. సరిగ్గా అసలు మాటల పట్టిక ఉండే చోటే అది. సీడీ ఉంది కదా, ఏం పర్లేదులే అనుకున్నా. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా, ఇదేమన్నా పెద్ద పనా!

ఫైల్ తెరిచా. డాలర్ గుర్తు, ఓ మీద రెండు చుక్కలు, ఏ మీద టోపీ, మధ్యలో ఓ బ్రాకెట్. తెలుగు అక్షరం ఒక్కటంటే ఒక్కటి లేదు.

అయిదు నిమిషాల పని అనుకున్నది నాలుగు వారాంతాలు తినేసింది. ఇలా ఎందుకైందో వెతుక్కుంటూ పోతే, కథ నేను పుట్టకముందు వచ్చిన తొలి లేజర్ ప్రింటర్ల దగ్గర తేలింది.

రాకెట్ ఏడాదే లేజర్ కూడా

1971 అక్టోబరు 9న శ్రీహరికోట నుంచి తొలి రాకెట్ లేచింది. రోహిణి-125 అనే చిన్న సౌండింగ్ రాకెట్. అదే ఏడాది అమెరికాలో జిరాక్స్ పరిశోధనశాలలో గ్యారీ స్టార్క్‌వెదర్ అనే ఇంజనీరు తొలి లేజర్ ప్రింటర్‌ని పని చేయించాడు. సూత్రం సింపుల్. తిరిగే డ్రమ్ము మీద లేజర్ వెలుగుతో చుక్కలు చుక్కలుగా అక్షరాలు గీస్తే, ఆ చుక్కలకి నల్లపొడి అంటుకుంటుంది. దాన్ని కాగితం మీదకి ఎక్కించి వేడితో అతికిస్తారు.

శ్రీహరికోట 1980 జులై 18న ఎస్‌ఎల్‌వీ-3తో 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టేసింది. లేజర్ ప్రింటర్ మామూలు ఆఫీసు బల్ల మీద కూర్చోడానికి మాత్రం 1984 దాకా పట్టింది. ఆ ఏడాది హెచ్‌పీ కంపెనీ లేజర్‌జెట్ తెచ్చింది. ధర 3,495 డాలర్లు. నిమిషానికి 8 పేజీలు. మెమరీ ఎంతో తెలుసా? 128 కిలోబైట్లు. పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే గుడ్‌మార్నింగ్ బొమ్మ దాదాపు అంతుంటుంది.

ఇక్కడ చిన్న లెక్క. ఆ ప్రింటర్ అంగుళానికి 300 చుక్కలు వేస్తుంది. ఏ4 పేజీకి అడ్డంగా 2,480, నిలువుగా 3,508. మొత్తం 87 లక్షల చుక్కలు. చుక్కకి ఒక బిట్ చొప్పున చూసినా సుమారు ఒక మెగాబైట్ కావాలి. ప్రింటర్ దగ్గర ఉన్నది అందులో ఎనిమిదో వంతు. మరి పేజీ మొత్తం ఎలా వేసింది?

పేజీని అది ఎప్పుడూ పూర్తిగా దాచుకోలేదు. అక్షరాల ఆకారాలు ముందే ప్రింటర్ లోపల, లేదంటే పక్కన గుచ్చే ఫాంట్ కార్ట్రిడ్జ్‌లో ఉంటాయి. కంప్యూటర్ నంబర్లు మాత్రమే పంపుతుంది. "ఈ చోట 65వ నంబరు వెయ్యి, పక్కన 66వ నంబరు వెయ్యి" అన్నట్టు. కాగితం దొర్లుతుంటే ప్రింటర్ ఆ నంబర్ల ఆకారాలు తీసి అప్పటికప్పుడు పేరుస్తుంది. పేజీ మొత్తాన్ని బొమ్మగా పంపాలంటే అంగుళానికి 75 చుక్కలకి దిగిపోవాల్సిందే.

సెట్టింగులు కూడా ఇప్పట్లా మౌస్ క్లిక్కులు కావు. 27వ నంబరు కోడ్, అంటే ఎస్కేప్, దాని వెనక నాలుగైదు గుర్తులు. అలా ఒక్కో వరుస పంపితే పేజీ అడ్డం తిరుగుతుంది, అక్షరం లావవుతుంది, ఫాంట్ మారుతుంది. ఒక్క గుర్తు తప్పినా ప్రింటర్ వేరే అర్థం తీసుకుంటుంది. పాత డాట్ మ్యాట్రిక్స్‌కి రాసిన ప్రోగ్రాములు 11 అంగుళాల కాగితానికి 66 లైన్లు లెక్కేసుకునేవి. లేజర్‌జెట్ మామూలు సెట్టింగులో పైన అరంగుళం, కింద అరంగుళం వదిలి 60 లైన్లే వేసేది. దాంతో మిగిలిన ఆరు లైన్లూ ఇంకో కాగితం మీదకి పోయేవి. మార్జిన్ల గొడవ అప్పటి నుంచే ఉందన్నమాట!

1985లో పరిస్థితి మారింది. 512 కిలోబైట్ల లేజర్‌జెట్ ప్లస్‌లో కంప్యూటర్ నుంచే కొత్త ఫాంట్లు ఎక్కించే వీలొచ్చింది. కరెంటు పోతే మాత్రం ఎక్కించిన ఫాంట్లన్నీ హుష్‌కాకి. మళ్లీ మొదటి నుంచీ ఎక్కించుకోవాలి. అదే ఏడాది యాపిల్ లేజర్‌రైటర్ వచ్చింది. అందులో అడోబీ వాళ్ల పోస్ట్‌స్క్రిప్ట్ ఉంది. అక్షరాన్ని చుక్కలుగా కాకుండా గీతల లెక్కగా దాచుకుని ఏ సైజులో అడిగితే ఆ సైజులో గీస్తుంది. దానికి పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ తోడైంది. ఆ జోడీతోనే డీటీపీ ఊపందుకుంది.

256 గదుల్లో మన గుణింతాలు

తెలుగుకి దారి దొరికింది ఇక్కడే. 65వ నంబరు అంటే ఇంగ్లిషు 'ఏ' అని మనుషులు పెట్టుకున్న ఒప్పందం. ప్రింటర్‌కి ఆ సంగతి తెలీదు. 65వ గదిలో ఏ ఆకారం ఉంటే అది వేస్తుంది. అక్కడ 'క' బొమ్మ పెడితే 'క' పడుతుంది. ఫాంట్ చేసేవాళ్లు ఈ కిటుకు పట్టుకున్నారు.

చిక్కల్లా గదుల దగ్గరే. ఓ ఫాంట్‌లో 256 గదులుంటే కంట్రోల్ కోడ్లు పోను వాడుకోడానికి మిగిలేవి 200 చిల్లర. మన హల్లులు 36. ఒక్కోదానికి డజను గుణింతాలు లెక్కేసినా 400 దాటుతుంది. వత్తులు కలిపితే వేలల్లోకి పోతుంది. అందుకని అక్షరాలను ముక్కలు చేశారు. తలకట్టు ఓ గదిలో, కొమ్ము ఓ గదిలో, వత్తులన్నీ వేరే గదుల్లో. గుడి కలిసి ఆకారం మారిపోయే 'రి', 'శీ' లాంటివి విడిగా. టైప్ చేస్తే ముక్కలు పక్కపక్కన చేరి, కాగితం మీద చూడముచ్చటగా అక్షరం అవుతుంది.

'శ్రీహరికోట' తీసుకోండి. కంటికి అయిదు అక్షరాలు. ఇవాళ మీ ఫోన్‌లోని యూనికోడ్ లెక్కలో పది కోడ్లు: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం, హ, ర, గుడి, క, ఓత్వం, ట. మనం పలికే వరుసే. పాత ఫాంట్లలో వరుస కంటి చూపుది. 'శీ' ఓ ముక్క, కింద నుంచి చుట్టుకొచ్చే క్రావడి ఓ ముక్క. ఆ క్రావడి ముందు రావాలా వెనక రావాలా అన్నది ఆ ఫాంట్ చేసినాయన ఇష్టం. ఇంకో ఫాంట్‌లో అదే మాటకి నంబర్లన్నీ వేరు.

అక్షరానికి నికరంగా ఓ నంబరు ఉండాలన్న ఆలోచన అప్పట్లో లేక కాదు. భారతీయ లిపుల కోసం ఇస్కీ అనే ప్రమాణం 1991లో ఖరారైంది. తెలుగుకి చోటిచ్చిన యూనికోడ్ తొలి వెర్షన్ కూడా ఆ ఏడాదే వచ్చింది. కానీ ఆ కోడ్లు చదివి వత్తులూ గుణింతాలూ సరిగ్గా పేర్చే తెలివి మామూలు కంప్యూటర్లకి రావాలిగా! విండోస్‌లో తెలుగు 2001లో ఎక్స్‌పీతో వచ్చింది, గౌతమి ఫాంట్‌తో. అప్పటికే ఊరూరా డీటీపీ షాపులు పేజ్‌మేకర్, అను ఫాంట్ల లాంటి జోడీలతో పెళ్లి కార్డుల నుంచి పుస్తకాల దాకా వేసేస్తున్నాయి. పేజ్‌మేకర్‌కి తెలుగు యూనికోడ్ చివరిదాకా రాలేదు.

"ఫైల్ ఎవురు చూస్తారు?"

తాత పుస్తకం కంపోజ్ చేసిన షాపాయన ఇప్పటికీ సూళ్లూరుపేటలోనే ఉన్నాడు. అప్పట్లో అది నెల్లూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లా. షాపులో ఇప్పుడు జిరాక్సులు, ఆన్‌లైన్ అప్లికేషన్లు, రీచార్జీలు. నన్ను చూడగానే "అయ్యవారి మనవడివా!" అని కుర్చీ వేశాడు.

"మీ తాత పక్కనే కూర్చుని ప్రూఫులు దిద్దేవోడు నాయనా. ఒక్క వత్తు తేడా వచ్చినా ఒప్పుకునేవోడు కాదు. సెకండ్ హ్యాండ్ లేజర్ ప్రింటర్ మాది. బటర్ పేపర్ మీద తీసి ఆఫ్‌సెట్ ప్రెస్సుకి పంపేవాళ్లం. కరెంటు పోయిందంటే ఆ పేజీ మళ్లా మొదట్నుంచే."

ఫ్లాపీలు పాడైపోయేలోగా సీడీలోకి ఎక్కించింది కూడా ఆయనే. ఆ ఫాంట్ మాత్రం పాత కంప్యూటర్‌తో పాటే పోయింది.

"ఫాంట్ కూడా దాచి ఉంటే బాగుండేది బాబాయ్" అన్నా.

"కాగితం మీద బాగా వచ్చిందా లేదా అదే మాకు లెక్క. ఫైల్ ఎవురు చూస్తారు అనుకున్యాం."

ఆయన తప్పేం లేదు. తాత కూడా అదే చూసుకున్నాడు. అందరి కళ్లూ కాగితం మీదే. పేజీ నిక్షేపంగా వచ్చింది, ఫైల్‌లో మాత్రం అక్షరం అసలు చేరనే లేదు. ముక్కల నంబర్లు మిగిలాయి. తాళంచెవి లాంటి ఫాంట్ పోయాక ఆ నంబర్లకి అర్థం లేదు.

తాళంచెవి మళ్లీ చేసుకోవడం

నా దగ్గర ఒక్క ఆధారం ఉంది. చేతిలో మిగిలిన 32 పేజీలు. ఫైల్‌లో మొదటి పేజీ, పుస్తకంలో మొదటి పేజీ పక్కపక్కన పెట్టుకున్నా. అట్ట మీద 'శ్రీహరికోట' అని ఉంది, ఫైల్‌లో ఆ చోట ఏ గుర్తులున్నాయో చూశా. ఒక్కో ముక్కా పట్టికలో రాసుకుంటూ పోయా. రెండు వారాంతాల్లో పట్టిక 180 దాటింది. దాన్ని బట్టి చిన్న పైథాన్ ప్రోగ్రామ్ రాశా.

మొదటిసారి నడిపితే వచ్చిన తెలుగు చూసి నవ్వాగలేదు. ఈ ఫాంట్‌లో 'వ' ముక్కకి తోక తగిలిస్తే 'మ'. నా ప్రోగ్రామ్ దాన్ని 'వు' అనుకుంది. 'మామ' కాస్తా 'వావు' అయి కూర్చుంది! వత్తులు కొన్ని పక్క అక్షరానికి తగులుకున్నాయి. ఒక్కో తప్పుకీ ఒక్కో నియమం రాస్తూ, 32 పేజీలూ అచ్చుతో సరిపోయేదాకా తిప్పా.

ఆ తర్వాత 17వ పేజీ మీద నడిపా. ఇక్కడ సరిచూసుకోడానికి అచ్చు పేజీ లేదు. తెర మీద మెల్లగా పట్టిక తెరుచుకుంది. పైనుంచి మూడో మాట: 'పాడు'. చెడిపోవడం కాదండోయ్. పులికాట్ జాలర్లు వేట చోట్లను వంతులుగా పంచుకునే పద్ధతికి ఆ పేరు. ఎవరు ఏ రోజు ఏ చోట వల కట్టాలో చెప్పే కట్టుబాటు. దాని కింద తాత నాలుగు లైన్లు రాశాడు. 24వ పేజీలో ఆ మాటలు చెప్పిన వాళ్ల పేర్లు, ఊళ్లు ఉన్నాయి. వాళ్లలో చాలామంది ఇప్పుడు లేరని అత్త చెప్పింది.

రెండు మాటలు ఇంకా తేలలేదు. ఆ ముక్కలు మిగతా 32 పేజీల్లో ఎక్కడా రాలేదు. వాటి పక్కన ప్రశ్నార్థకం పెట్టా. ఈసారి ఊరెళ్లినప్పుడు సరస్సు ఒడ్డున అడగాలి. ఇంతకీ తాత చేసిందీ అదే కదా.

మీ ఇంట్లో కూడా ఉండొచ్చు

ఊరి గుడి చరిత్ర, అమ్మమ్మ పాటల పుస్తకం, నాన్న కాలేజీ సావనీర్... 1990ల నుంచి మొన్నమొన్నటి దాకా డీటీపీలో వేసిన తెలుగు ఏదైనా కావచ్చు. చిన్న పరీక్ష చేయండి. ఆ పీడీఎఫ్ ఫోన్‌లో తెరిచి ఒక లైను కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. తెలుగు వస్తే సేఫ్. పిచ్చి గుర్తులొస్తే అది కంటికి తెలుగే గానీ కంప్యూటర్‌కి కాదు. సెర్చ్‌కి దొరకదు. చూపు లేనివాళ్లకి ఫోన్ చదివి వినిపించలేదు.

అలాంటివి దొరికితే ముందు ఆ ఫాంట్ ఫైల్ సంపాదించి పక్కనే దాచండి. అచ్చు కాపీ ఉంటే పేజీ పేజీ ఫొటో తీయండి. ప్రచారంలో ఉన్న పాత ఫాంట్లకి యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక ఒక మనిషి కూర్చుని చదివి దిద్దాల్సిందే. కంపోజ్ చేసిన షాపాయన ఇంకా ఉంటే ఈ వారమే వెళ్లి కలవండి.

తాత పుస్తకం ఇప్పుడు ఫోన్‌లో ఉంది. మొన్న అత్తకి పంపా. సెర్చ్ ఎలాగో ఫోన్‌లోనే చెప్పా. 'పాడు' అని కొట్టింది. కాసేపు చప్పుడు లేదు.

"వచ్చింది నాయనా" అంది.