మరిగే నీళ్లలో వేరు కాపురాలు

ప్రత్తిపాడు, పర్చూరు వైపు ఊళ్లలో కొత్తగా వేసిన పెంటపోగును పారతో కదిపితే గుప్పున ఆవిరి లేస్తుంది. లోపల చెయ్యి పెట్టలేం. అది ఎండ వేడి కాదు. పేడనూ మిరపకట్టెనూ కుళ్లబెట్టే సూక్ష్మజీవులు పుట్టించిన వేడి. 60 డిగ్రీలు దాటితే మామూలు బాక్టీరియా చాలావరకు చస్తాయి, వేడి కోరేవి మిగులుతాయి. ఇలాంటి ఎరువుపోగుల్లో థెర్మస్ జాతివి కూడా దొరికాయి. 1960ల్లో అమెరికాలోని యెల్లోస్టోన్ వేడినీటి ఊటలో దొరికిన థెర్మస్ ఆక్వాటికస్ ఎంజైమే, డీఎన్‌ఏ ముక్కకు నకళ్లు తీసే పీసీఆర్ పరీక్షకు ఆధారం. విత్తనంలో బీటీ జన్యువు ఉందో లేదో ఆ పరీక్షతో తేల్చవచ్చు.

వీటిని మించిన మొండిఘటం ఆక్విఫెక్స్. 95 డిగ్రీల్లో పెరుగుతుంది. 1998లో దాని జన్యుపటం మొత్తం చదివారు. 15.5 లక్షల అక్షరాలు, మన పేగుల్లోని ఈ.కోలై పటంలో మూడో వంతు. చిత్రమంతా జన్యువుల వరసలో ఉంది.

బాక్టీరియాలో ఒకే పనికి కావలసిన జన్యువులు తరచు పక్కపక్కనే ఉండి, ఒకే మీటతో మొదలై ఒకేసారి ఆగుతాయి. ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు జాకబ్, మోనో దీనికి ఆపరాన్ అని పేరు పెట్టారు. ఈ.కోలైలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాన్ని తయారుచేసే ఎనిమిది జన్యువులది ఉమ్మడి కాపురం. ఆక్విఫెక్స్‌లో ఇలాంటి కుటుంబాలు చాలావరకు చెదిరి, ఏ సంబంధమూ లేని జన్యువుల పక్కన చేరాయి.

వేడే చెదరగొట్టిందందామంటే థెర్మోటోగా మారిటిమా అనే ఇంకో బాక్టీరియా ఒప్పుకోదు. ఇదీ 80 డిగ్రీల్లో బతికేదే, అయినా పొడవాటి ఆపరాన్లు నిలుపుకుంది. 1999లో చదివిన దాని పటంలో నాకు అసలు సంగతిగా తోచింది వేరే ఉంది. దాని జన్యువుల్లో 24 శాతం ఆర్కియా అనే పూర్తిగా వేరే వంశపు జీవుల జన్యువులను పోలి ఉన్నాయి. వాటిలో 81 మాత్రం 15 చోట్ల గుంపుకట్టాయి, చాలా గుంపుల్లో వరస కూడా ఆర్కియాదే! తాతముత్తాతల నుంచి కాక, ఇరుగుపొరుగు నుంచి మూటలుగా వచ్చి ఉండాలి. ఆపరాన్లు నిలవడానికి ఇదే కారణమని 1996లో లారెన్స్, రాత్ వాదించారు. కలిసి ఉన్న జన్యువులు కలిసే వలస పోగలవు. వాదన బాగుంది గానీ, ఎక్కడికీ వలస పోనక్కరలేని, ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమ్ జన్యువులు కూడా గుంపుగానే ఉన్నాయి మరి.

పత్తి రైతుకు జన్యువుల వలస కొత్త కాదు. బీటీ బాక్టీరియాలో పురుగును చంపే క్రై జన్యువులు ఎక్కువగా ప్లాస్మిడ్లనే విడి డీఎన్‌ఏ ముక్కల మీద ఉంటాయి, ఒకదాని నుంచి ఇంకోదానికి దాటగలవు. 2002లో మన దేశంలో అనుమతి పొందిన బీటీ పత్తిలో అలాంటి జన్యువు ఒకటుంది, 2006లో వచ్చిన బోల్‌గార్డ్-2లో రెండున్నాయి. మొక్క కణకేంద్రకంలో ఉమ్మడి మీట సాగదు కాబట్టి, ఆ రెండింటికీ చెరొక మీట బిగించాల్సి వచ్చింది.