రోడ్డు ఊరు తప్పినా, బొమ్మ తప్పలేదు

నాగ్‌పూర్ నుంచి హైదరాబాద్‌కు ఏ బండి వచ్చినా, మహబూబ్ ఘాట్ దిగి నిర్మల్ ఊరి మధ్య నుంచే పోవాల్సిన రోజులవి. డ్రైవర్ చాయ్ తాగి వచ్చేలోపు ప్రయాణికులు రోడ్డు పక్క దుకాణాల్లో బొమ్మలు బేరమాడేవాళ్లు. మా ఇంటి అద్దాల అల్మారాలో ఉన్న పచ్చ చిలుక అట్లా వచ్చిందే. ముక్కు దగ్గర రంగు కాస్త లేచింది గానీ, చెక్క చెక్కుచెదరలేదు.

తర్వాత ఏడో నంబరు జాతీయ రహదారి 44 అయింది. నాలుగు వరుసలై బైపాస్ మీదుగా పోతోంది. ఆగే బండి తగ్గితే కొనే చెయ్యీ తగ్గుతుంది. అయినా ఇక్కడ బొమ్మలు చెక్కే నకాషీ కుటుంబాలు ఉలి కింద పెట్టలేదు.

ఊరికి పేరిచ్చిన నిమ్మనాయుడే 17వ శతాబ్దంలో ఈ కళాకారులను చేరదీశాడని చెబుతారు. 1955లో ఇక్కడి కళాకారులు కలిసి సహకార సంఘం పెట్టుకున్నారు. పనివాళ్లే యజమానులన్న మాట. 2009లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. 2016లో ఆదిలాబాద్ నుంచి విడిపోయి నిర్మల్ జిల్లా అయింది.

సంఘంలో పనిశాల, అమ్మే చోటు పక్కపక్కనే. లోపలికి వెళ్తే ముందు పొనికి చెక్క వాసన, ఆ తర్వాత రంగుల వాసన. ఈ చెక్క చేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు, ఉలికి మెత్తగా లొంగుతుంది. సీతాఫలం బొమ్మ ఎట్లా తయారవుతుందో చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. ఆకారం చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకులు, సందులు పూడుస్తారు. ఆరాక నునుపు చేసి తెల్లసుద్ద పూస్తారు. అది కూడా ఆరాకే రంగు. పూర్వం మూలికల రసాలు, రాళ్ల పొడులు వాడేవాళ్లు. ఇప్పుడు డబ్బా రంగులొచ్చాయి. కాయ మీది కన్నుకన్నుకూ పచ్చదనం వేరుగా దిద్దుతుంటే, కుంచె పట్టిన ఆ చెయ్యి ఒక్కసారి కూడా వణకలేదు.

బైపాస్ మీద పోయేవాళ్లను పది నిమిషాలు ఈ పనిబల్ల ముందుకు తీసుకురాగలిగితే చాలు, వట్టి చేతులతో వెళ్లరని నా నమ్మకం. హైదరాబాద్‌లోని గోల్కొండ షోరూముల్లో ఇవే బొమ్మలు దొరుకుతాయి. కానీ అక్కడ ఈ చెక్క వాసన ఉండదు, ఈ చెయ్యి కనిపించదు. అందుకే హైవే మలుపు దగ్గరే పెద్ద బోర్డు, బండ్లు నిలిపే జాగా, పని చూపించే పనిశాల కావాలి.

అంతకన్నా ముందు చెట్టు కావాలి. అడవిలో పొనికి అరుదైపోయింది. నాటిన మొక్క చెక్కకు పనికొచ్చేలోపు ఏళ్లు గడుస్తాయి. ఆలోపు పనిశాల మూలన పేర్చిన దుంగలనే పొదుపుగా వాడుకోవాలి. కోతలో మిగిలిన చిన్న ముక్కలను కూడా ఇక్కడ పారేయడం లేదు. చిలుక రెక్కలకని పక్కకు తీసి పెడుతున్నారు.